పసుపు కొమ్ము నుంచి ప్రయోగశాల దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి, పత్తితో పాటు వచ్చే పసుపును రైతులు ముందే ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడవాటి కొమ్ములను కాడిగా, గుండ్రని దుంపలను గోళగా వేరుచేసి తెస్తారు. ఈ పంటకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థాన్ని 1815లో శాస్త్రవేత్తలు వోగెల్, పెల్లెటియర్ వేరుచేయగా, దాని అణునిర్మాణం 1910లో తేలింది. గాయాలకు పసుపు వాడకంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటు, ఆ వాడకం భారతీయులకు ఏనాటి నుంచో తెలిసిన వైద్యమేనని భారత పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. గ్రంథాధారాలతో చూపడంతో 1997లో రద్దయింది. ఇక ప్రయోగశాలల విషయానికొస్తే, పక్షవాతంలో రక్తం అందక మెదడు దెబ్బతిన్నప్పుడు, మైక్రోగ్లియా అనే రక్షక కణాలు రెచ్చిపోయి కలిగించే వాపును కర్కుమిన్ తగ్గిస్తుందని ఎలుకలపై ప్రయోగాల్లో కనిపించినా, పేగుల నుంచి రక్తంలోకి అతి తక్కువగా చేరే ఈ పదార్థం మనుషులలో ఆ మేలు చేస్తుందని ఇంకా రుజువు కాలేదు. కనుక పక్షవాత లక్షణాలైన మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం వంటివి కనిపిస్తే పసుపును నమ్ముకొని ఆగక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.