సికిల్ సెల్ చరిత్ర: మన రక్తంలో ఆపేసి ఉన్న ఒక స్విచ్ కథ

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన గూడేల్లో సికిల్ సెల్ పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. ఆ జబ్బు చరిత్ర మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అందుకే "చెడ్డ రక్తం", "వంశానికి తగిలిన శాపం" లాంటి మాటలు ఇంకా తిరుగుతున్నాయి. హాస్టల్లో ఉండి డిగ్రీలో జీవశాస్త్రం చదువుతున్న మేము కొందరం తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

1904లో కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయల్ అనే నల్లజాతి కుర్రాడు దంతవైద్యం చదవడానికి అమెరికాలోని షికాగో వెళ్లాడు. వయసు ఇరవై, అంటే మా వయసే. దగ్గు, ఆయాసం, రక్తహీనతతో ఆస్పత్రిలో చేరాడు. అక్కడి యువ డాక్టరు ఎర్నెస్ట్ ఐరన్స్ అతని రక్తాన్ని మైక్రోస్కోపులో చూస్తే, గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొన్ని కొడవళ్లలా వంగి కనిపించాయి. పెద్ద డాక్టరు జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి ప్రచురించాడు. నోయల్ చదువు పూర్తి చేసుకుని సొంత దీవికి వెళ్లి పళ్ల డాక్టరుగా పనిచేశాడు. 1916లో చనిపోయాడు.

మన దేశంలో ఇది 1952లో బయటపడింది. నీలగిరి కొండల ఆదివాసుల్లో, అస్సాం తేయాకు తోటల కూలీల్లో కనిపించింది. మరి మనలోనే ఎందుకు ఎక్కువ? 1954లో ఆంథోనీ ఆలిసన్ ఆఫ్రికాలో చేసిన పరిశోధన దీనికి జవాబు ఇచ్చింది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ జన్యువు వచ్చినవాళ్లకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న చోట తరతరాలు బతికిన జనంలో ఆ జన్యువు నిలిచిపోయింది. ఇందులో శాపం ఎక్కడుంది?

అసలు కథ ఇక్కడి నుంచే మొదలు. 1948లో జానెట్ వాట్సన్ అనే అమెరికన్ డాక్టరు ఒక విషయం గమనించింది. జబ్బు జన్యువుతో పుట్టిన పసిపిల్లల రక్తంలో కొడవలి కణాలు చాలా తక్కువ. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు ఉండే హిమోగ్లోబిన్ వేరు, అదే కాపాడుతోందని ఆమె అంది. అది నిజమే. కడుపులో ఉన్నప్పుడు గామా జన్యువు పనిచేస్తుంది. పుట్టాక అది మెల్లగా ఆగి, బీటా జన్యువు అందుకుంటుంది. లోపం ఉన్నది బీటాలో. అందుకే బిడ్డకు ఆరు నెలలు దాటాకే నొప్పులు, వాపులు మొదలవుతాయి.

ఆగిపోయిన గామా జన్యువు ఎక్కడికీ పోదు. మన కణాల్లో చాలావాటి కేంద్రకంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్ఏ చుట్టి ఉంటుంది. కంటి కణంలోనూ కాలేయ కణంలోనూ ఉండే జన్యువులు అవే. ఇంట్లో అన్ని విత్తనాలూ దాచి ఉన్నా, వాన చూసి, నేల చూసి ఏ బుట్ట దించాలో పెద్దవాళ్లు చెప్తారు కదా, కణంలోనూ అంతే. డీఎన్ఏ హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుంటే అక్కడి జన్యువు చదవడానికి అందదు, వదులైతే అందుతుంది. కొన్ని ప్రోటీన్లు జన్యువు మొదట్లో కూర్చుని పని మొదలుపెట్టిస్తాయి, కొన్ని ఆపేస్తాయి. దూరంగా ఉండే ఎన్‌హాన్సర్ అనే డీఎన్ఏ ముక్కలు వంగి వచ్చి జన్యువును తాకి దాని పని పెంచుతాయి.

మరి గామాను ఆపేది ఎవరు? పెద్దయ్యాక కూడా ఈ చిన్ననాటి హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నవాళ్ల డీఎన్ఏను మిగతావాళ్లతో పోల్చి వెతికితే, 2007-08లో బీసీఎల్11ఏ అనే పేరు బయటపడింది. అది గామాను అణచిపెట్టే ప్రోటీన్ అని అమెరికాలో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం 2008లో చూపించింది. దాన్ని మొత్తం తీసేద్దామా అంటే కుదరదు, వేరే కణాలకు అది అవసరం. 2013లో ఒక దారి దొరికింది. ఎర్ర రక్తకణాల వరుసలో మాత్రమే బీసీఎల్11ఏ పనిని పెంచే ఎన్‌హాన్సర్ ఒకటి ఉందని తేలింది. దాన్ని ఒక్కదాన్నే దెబ్బతీస్తే చాలు, రక్తంలో గామా మళ్లీ మొదలవుతుంది.

2019లో విక్టోరియా గ్రే అనే నల్లజాతి అమెరికన్ మహిళకు ఇదే చేశారు. ఆమె మూలకణాలు బయటికి తీసి, క్రిస్పర్‌తో ఆ ఎన్‌హాన్సర్‌ను కత్తిరించి, తిరిగి ఎక్కించారు. ఆమె నొప్పులు తగ్గాయి. 2023లో బ్రిటన్, అమెరికా ఈ చికిత్సకు అనుమతి ఇచ్చాయి. పేరు కాస్‌జెవీ. 2023లో అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లుగా పెట్టారు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 18 కోట్ల రూపాయలు. మన ఐటీడీఏ ఏరియాలో ఏ ఇల్లు కొనగలదు?

కానీ అదే స్విచ్‌ను కొంత కదిలించే మాత్ర ఒకటి ఉంది, హైడ్రాక్సీయూరియా. ముందు క్యాన్సర్ మందుగా వాడేవాళ్లు. ఇది చిన్ననాటి హిమోగ్లోబిన్‌ను పెంచుతుందని 1984లో సికిల్ సెల్ రోగుల్లో చూశారు. నొప్పి వచ్చే సార్లు దాదాపు సగం తగ్గుతాయని 1995లో తేలింది. పూర్తిగా నయం చేయదు, డాక్టరు చూస్తూ రక్త పరీక్షలు చేయిస్తూ వాడాలి. ఇది మాత్రం కోట్ల మందు కాదు.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అన్నారు. కార్డు చేతికి ఇస్తే సరిపోదు. జబ్బు ఉందని తేలినవాళ్లకు ఆ మాత్ర మన పీహెచ్‌సీలోనే నెలనెలా దొరకాలి. అడగాల్సింది మనమే.

ఇంకో మాట. క్యారియర్ అంటే రోగి కాదు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే ముందే తెలుసుకోవాలి. ఎవర్నీ వెలివేయడానికి కాదు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ కార్డు ఉందో లేదో చూడండి, లేకపోతే పరీక్ష చేయించుకోండి. "చెడ్డ రక్తం" అని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. పెద్దవాళ్లకు మన భాషలో చెప్తే ఇంకా మంచిది.

జై ఆదివాసీ.