నాలుగడుగుల చెమ్మ

కొనడానికొచ్చినాయన గోడకి చెయ్యి ఆనించాడు. అంతే. అరచేతి వెడల్పు రంగు పెచ్చు ఊడి అతని వేళ్ల మధ్యకొచ్చింది.

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. పెచ్చు వెనక దూదిలా తెల్లటి ఉప్పు. దాని వెనక తడి ఇటుక వాసన. బయట అప్పుడే జల్లు పడి ఆగింది. చూరు నుంచి చుక్కలు అరుగు మీద టపటపమంటున్నాయి. ఆయన భార్య కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"మళ్లీ ఫోన్ చేస్తామండి" అన్నాడాయన. చేతికంటిన పొడి రుమాలుకి తుడుచుకుంటూనే వీధి గుమ్మం దాటేశాడు.

2022 జూన్ 19, ఆదివారం. రాజమండ్రి ఇన్నీస్‌పేటలో 1958లో కట్టిన ఇల్లు. చూసి వెళ్లిపోయినవాళ్లలో ఆయన ఏడోవాడు.

"టీచరుగారూ, ఇక ఇంటి మాట మర్చిపోండి" అన్నాడు బ్రోకరు, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "స్థలం కింద అమ్మేద్దాం. బిల్డరు డెబ్బై లక్షలకి రెడీగా ఉన్నాడు. రెండ్రోజుల్లో పడగొట్టేస్తాడు."

రిటైరైన లెక్కల టీచరు ఆవిడ. జవాబు చెప్పలేదు. వంగి, నేల మీద పడ్డ పెచ్చు తీసి తిప్పి చూశారు. దాని ఖరీదు ఆవిడకి తెలుసు. అరవై అయిదు వేలు. ఫిబ్రవరిలో పుణె నుంచి తమ్ముడు పంపాడు. "పుట్టీ పెట్టించి ఐవరీ రంగు వేయించక్కా. కొనేవాడు చూసేది పది నిమిషాలే" అన్నాడు. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసుంది. మార్చిలో గోడలు మెరిశాయి. అప్పుడొచ్చిన ఆరుగురు ఏదో వాసనన్నారు, చీకటన్నారు. గోడని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మొదటి వానకే గుట్టు బయటపడింది.

ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు.

"బిల్డరుకిచ్చేద్దాం అక్కా."

"ఇంకో పది రోజుల్లో ఆషాఢం. నెల్లాళ్లు ఎవరూ కొనరు. ఆ నెల నాకియ్యి."

"డబ్బో?"

"చీటీ పాడతాను."

అవతలి వైపు నిశ్శబ్దం. తర్వాత ఒక్క మాట వినబడింది. "శ్రావణం దాకానే."

మేస్త్రి సైకిలు మీద వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. టీ వద్దన్నాడు. తాపీ తిరగేసి పిడితో గోడని కొట్టుకుంటూ హాలంతా తిరిగాడు. పైన టక్, టక్. కిందకొచ్చేసరికి డబ్. ఆ మోత మారిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గది నడుముకి మొలతాడు కట్టినట్టుంది. నేల నుంచి సరిగ్గా నాలుగడుగులు.

"సిమెంటు ఎప్పుడు పూయించారండీ?"

"1999లో. నాన్నగారు."

"అప్పుడే గోడ గొంతు నొక్కేశారండి."

ఇటుకని సున్నంతో కట్టిన గోడ అది. భూమిలోంచి ఎక్కే చెమ్మని సున్నం పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. నలభై ఏళ్లు అలాగే వదిలింది. పైన సిమెంటు పూసేసరికి ఆ దారి మూసుకుపోయింది. చెమ్మ లోపలే పైకి పాకింది. ఇటుకలోని ఉప్పుని కరిగించి తెచ్చి, రంగు వెనక పొడిలా పోసింది. ఆ పొడి మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు.

"అయితే ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడే ఇంత చెమ్మ ఎందుకు?" అడిగారు టీచరుగారు.

మేస్త్రి వీధి తలుపు తెరిచాడు. "చిన్నప్పుడు ఈ గుమ్మానికి ఎన్ని మెట్లుండేవండీ?"

"మూడు."

ఇప్పుడు ఒక్కటే ఉంది. మెట్లు ఎక్కడికీ పోలేదు, రోడ్డే పైకొచ్చింది. పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు, ఆ మీద ఇంకోటి. ఏ ఊళ్లో పాత పేటకి వెళ్లినా ఇదే కనబడుతుంది. ఇల్లు కుంగలేదు, వీధి దాని మెడ దాకా ఎక్కింది. వాన పడితే వీధి నీళ్లన్నీ ఈ గోడ పాదానికే.

"ముందు నీళ్ల సంగతి చూడాలండి" అన్నాడు మేస్త్రి. "తర్వాతే సోకు."

జూన్ 30న ఆషాఢం మొదలైంది. సుత్తి మోత కూడా. గీత కింద సిమెంటంతా రాలగొట్టారు. గోడ వెంబడి అడుగు లోతు కాలువ తీసి, నీళ్లు పక్క సందు డ్రైనేజీలోకి మళ్లించారు. హాల్లో ఎప్పుడో అంటించిన ప్లాస్టిక్ షీటుని మూల పట్టి లాగితే చర్రున చిరిగి లేచింది. కింద నల్లటి జిగురు. జిగురు కింద ఇంకేదో ఎర్రగా తొంగిచూసింది.

టీచరుగారు మోకాళ్ల మీద కూర్చున్నారు. తడిగుడ్డతో తుడిచారు. గోరుతో గీకారు. ఎర్ర గచ్చు. తాతగారు పోయించినది. వేసవిలో పిల్లలందరూ చొక్కాల్లేకుండా బోర్లా పడుకున్న గచ్చు. పగిలిందని 1996లో కప్పేశారు. పగుళ్లు గట్టిగా ఏడు. మూడు రోజులు జిగురు గీకించి, ఎర్ర ఆక్సైడు కలిపిన సిమెంటుతో వాటిని పూడ్చి, రాయితో రుద్ది, కొబ్బరి నూనె గుడ్డతో పట్టించారు. పూడ్చిన గీతల రంగు కలవలేదు. కలవకపోయినా నేల మీద కిటికీ నీడ కనబడింది.

అంతా బాగానే ఉందనుకున్న రోజే హాలు మధ్యలో, ఆ గచ్చు మీద, పైనుంచి ఒక చుక్క పడింది.

పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద సన్నిటుకలు నిలబెట్టి సున్నంతో బిగించిన కప్పు. మేస్త్రి నిచ్చెనేసుకుని ఎక్కాడు. పిట్టగోడ మొదట్లో, తూము నోట్లో, జానెడు రావి మొక్క. పైకి జానెడే. వేళ్లు ఎంత దూరం పోయాయో పగలగొడితే గానీ తెలియదు. గజం వెడల్పున కప్పు విప్పారు. వేళ్లన్నీ ఏరి తీశారు. మొక్కని పారేయడానికి మేస్త్రికి మనసొప్పక తడిగోనెలో చుట్టి గుడి ఆవరణలో నాటి వచ్చాడు. కప్పు మీద కంత మాత్రం అలాగే ఉంది.

అప్పుడు ముసురు పట్టుకుంది.

జులై రెండో వారం, అర్ధరాత్రి, కరెంటు పోయి, ఈదురుగాలికి కంత మీద కప్పిన బరకం ఒక కొస తాడు తెంచుకుని చటచట కొట్టుకుంటూ ఉంటే, అరవై రెండేళ్ల టీచరుగారు టార్చి నోట కరచుకుని నిచ్చెన ఎక్కి, జారే పిట్టగోడ మీద పొట్ట ఆనించి, ఒక చేత్తో బరకం పట్టుకుని రెండో చేత్తో ఇటుకలు ఒక్కొక్కటే దాని అంచు మీదికి జరిపి, కింద గచ్చు మీద తపేలాలో పడుతున్న చుక్కల మోత ఆగేదాకా అలాగే ఉండిపోయారు. దిగేసరికి నాలుగు దాటింది. వీధిలో నీళ్లు పారుతున్నాయి. అరుగు మీంచి వంగి టార్చి వేశారు. కొత్త కాలువ నిండుగా, చప్పుడు చేస్తూ పరుగెడుతోంది. గోడ పాదం దగ్గర ఒక్క చెంబుడు నీళ్లు నిలవలేదు.

పొద్దున్నే ఆనందంగా మేస్త్రికి ఫోన్ చేశారు. ఆయన గొంతు వేరేగా ఉంది.

"కుర్రాళ్లు వెళ్లిపోయారండి. కోనసీమ లంకల్లోకి నీళ్లొచ్చేస్తున్నాయట."

గోదావరి లేచింది. జులై 16కి భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినప్పటి వరద ఊరందరికీ మళ్లీ గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక. లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఇక్కడ గోడకి సున్నం పూయాల్సిన చేతులు అక్కడ సామాన్లు పడవల్లోకి ఎక్కిస్తున్నాయి. వాళ్లని రమ్మని ఎవరు అడగగలరు? టీచరుగారు ఆ వారం కూలి ముందే పంపారు. పని ఆగిపోయింది. శ్రావణానికి పదమూడు రోజులు.

వారం తర్వాత ముగ్గురిలో ఇద్దరే తిరిగొచ్చారు. ఒకడి ఇంటి గోడ కూలిందట. చెప్పి, బొచ్చె అందుకుని పనిలోకి దిగాడు.

నానేసిన సున్నం, ఇసుక, ఇటుక పొడి, కరక్కాయ బెల్లం నానిన నీళ్లు. హాలంతా పులిసిన తీపి వాసన. కప్పు మూశారు. వైరింగ్ మార్చారు. పెరట్లో బాత్‌రూమ్‌కి కొత్త కమోడు, కొత్త టైల్స్. వంటింట్లో కడప బండ గట్టు మార్చలేదు, రుద్ది కడిగారంతే. టేకు తలుపుల మీద ఎన్నిసార్లు వేశారో తెలియని ఆకుపచ్చ పెయింటు గీకించి నూనె పట్టించారు. చీటీ డబ్బు 2,75,000లో పద్దు పుస్తకం ప్రకారం ఖర్చు 2,71,400. కొన్న మేకుల దగ్గర్నుంచి అన్నీ రాశారు.

ఒక్క గోడ మిగిలింది. వీధి వైపు గోడ.

సాయంత్రం దానికి చిన్న ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించాడు మేస్త్రి. పొద్దున తీసి చూస్తే లోపలి వైపు నీటి చుక్కలు. మర్నాడు మళ్లీ. మళ్లీ చుక్కలు. "దీన్ని దసరా దాకా ముట్టుకోకండి" అన్నాడు. "పూస్తే మళ్లీ పాత కథే."

జులై 31, ఆదివారం. శ్రావణం మూడో రోజు. కొనేవాళ్లు పదింటికొస్తారు. తొమ్మిదిన్నరకి బ్రోకరు ఇద్దరు మనుషుల్ని తెచ్చి, పడగ్గదిలో బీరువా మోయించి, ఆ బోసి గోడకి అడ్డంగా పెట్టించాడు. "పది నిమిషాలండీ, అంతే" అన్నాడు. ఫోన్‌లో తమ్ముడూ అదే మాట. "ప్లీజ్ అక్కా. కదపకు."

టీచరుగారు ఫోన్ పెట్టేశారు. "వెనక్కి పెట్టండి" అన్నారు ఆ ఇద్దరితో.

వచ్చినవాళ్లు ముగ్గురు. బ్యాంకు ఉద్యోగి, భార్య, ఆయన తల్లి. పెద్దావిడ గచ్చు మీద కాలు పెట్టింది. ఆగింది. ఇంకో కాలు పెట్టింది. "ఇలాంటి గచ్చు మా పుట్టింట్లో ఉండేది" అని గోడవారగా చతికిలబడింది. కొడుకు మాత్రం గచ్చు చూడటం లేదు. నేరుగా బోసి ఇటుకల దగ్గరికి నడిచాడు. చెయ్యి ఆనించాడు.

"ఇది తడిగా ఉందే."

బ్రోకరు కళ్లు మూసుకున్నాడు.

"అవునండి, తడే" అన్నారు టీచరుగారు. చెమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందీ, రోడ్డు ఎంత లేచిందీ, కాలువ ఎటు తీసిందీ, ఈ గోడ ఎందుకు వదిలేసిందీ వరసగా, క్లాసులో చెప్పినట్టు చెప్పారు. పద్దు పుస్తకం చేతిలో పెట్టారు. పది నిమిషాలు గంటయింది. ఆయన కాలువ చూశాడు. డాబా ఎక్కాడు. పుస్తకం పేజీ పేజీ తిప్పాడు. దిగొచ్చి పెరట్లో భార్యతో ఏదో గుసగుసగా మాట్లాడాడు.

బేరం ఎనభై రెండు దగ్గర మొదలై డెబ్బై తొమ్మిది లక్షల దగ్గర ఆగింది. "మరి ఈ గోడకి?" అన్నాడాయన.

"పద్దెనిమిది వేలు అవుతుంది. అది తగ్గిస్తాను. అంతకు మించి పైసా తగ్గించను."

కార్తీకంలో రిజిస్ట్రేషన్ అయింది. 78,82,000. పద్దు పుస్తకం తాళాలతో పాటే కొన్నవాళ్లకి వెళ్లింది.

దసరా వెళ్లాక మేస్త్రి మళ్లీ సైకిలు మీద వచ్చాడు. వీధి వైపు గోడకి ముందు రోజు సాయంత్రం అంటించిన కవరుని టేపు ఊడదీసి వెలుతురుకెత్తి చూశాడు. లోపల ఒక్క చుక్క లేదు. ఆ మధ్యాహ్నమే సున్నం పూశారు.