పేరు పలకని ఒప్పందాలు

1992 అక్టోబరు చివర్లో చైనా, తైవాన్ ప్రతినిధులు హాంకాంగ్‌లో కూర్చుని తలలు పట్టుకున్న విషయం ఏమిటో వింటే మొదట నవ్వొస్తుంది. నోటరీ పత్రాలు, దారిలో పోయిన రిజిస్టర్డ్ ఉత్తరాలు. నవ్వు ఆగాక చిక్కు అర్థమవుతుంది. 1949లో చియాంగ్ కై-షేక్ సేనలతో పాటు తైవాన్ చేరిన సైనికుడొకడు అక్కడే ముసలివాడై కన్నుమూశాడనుకుందాం. సొంతూళ్లో మిగిలిన తమ్ముడు ఆస్తిలో వాటా అడగాలంటే ముందు తాను తమ్ముణ్ణేనని రుజువు చూపాలి. ఆ కాగితం మీద ముద్ర వేసేది బీజింగ్ పాలనలోని నోటరీ. ఆ ముద్ర చెల్లుతుందంటే, ముద్ర వెనకున్న ప్రభుత్వమూ చెల్లుతుందన్నట్టేనా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర చర్చ ఆగిపోయింది. 'ఒకే చైనా' అన్న మాట ఉండాలని బీజింగ్ పట్టు. ఉంటే దాని అర్థం ఎవరిది వాళ్లు చెప్పుకోవాలని తైపే పట్టు. హాంకాంగ్‌లో తేలలేదు. ఆ తర్వాత నవంబరులో నడిచిన ఉత్తరాల్లో, ఎవరి వైఖరిని వాళ్లు నోటిమాటగా చెప్పుకుని కాగితాన్ని మాత్రం ముందుకు కదపవచ్చన్న దారి దొరికింది. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నమాట. ఈ దాయాదుల బేరసారాల చరిత్రంతా తిరగేస్తే నాకు కనిపించేది ఇదే: ఉమ్మడి గతాన్ని తేల్చుకుందామని కూర్చున్న ప్రతిసారీ చెడింది, దాన్ని గుమ్మం బయట వదిలి కూర్చున్నప్పుడే ఏదో ఒక పని జరిగింది.

ఉమ్మడి గతం ఏమీ తక్కువది కాదు. 1924లో గ్వాంగ్‌జౌ దగ్గర మొదలైన వాంపోవా సైనిక పాఠశాలకు అధిపతి కువోమింటాంగ్ పార్టీకి చెందిన చియాంగ్. అక్కడ రాజకీయ విభాగాన్ని నడిపినవాడు కమ్యూనిస్టు చౌ ఎన్-లై. ఒకే ప్రాంగణం, ఒకే గురువు సన్ యట్-సేన్. మూడేళ్లు తిరక్కుండానే 1927 ఏప్రిల్‌లో షాంఘైలో చియాంగ్ కమ్యూనిస్టుల మీద కత్తి దూశాడు. 1936 డిసెంబరులో షియాన్‌లో సొంత సేనానులే చియాంగ్‌ను నిర్బంధిస్తే, విడుదల మంతనాలకు వెళ్లింది మళ్లీ ఆ చౌ ఎన్-లైనే. వాంపోవా నాటి పొత్తు, షియాన్ తర్వాతి పొత్తు రెండూ గతం మీద ప్రేమతో నిలిచినవి కావు కదా అని ఎవరైనా అంటే, కావనే నేనూ అంటాను. మొదటిదానికి యుద్ధప్రభువులు, రెండోదానికి జపాన్ కారణం. ఎదురుగా మూడో శత్రువు ఉన్నంతకాలం పాత స్నేహం గుర్తుంది, శత్రువు తప్పుకోగానే పాత పగ గుర్తుకొచ్చింది.

1945 ఆగస్టు 28న అమెరికా రాయబారి ప్యాట్రిక్ హర్లీ వెంట మావో విమానంలో చోంగ్‌చింగ్ దిగాడు. చియాంగ్‌తో నలభై మూడు రోజుల చర్చలు, విందులు, ఫొటోలు. అక్టోబరు 10న సంతకాలైన పత్రం చదివితే అది ఒప్పందమా, సమావేశాల మినిట్సా అన్న అనుమానం కలుగుతుంది. అంతర్యుద్ధం వద్దన్నారు, రాజకీయ సంప్రదింపుల సభ జరుపుదామన్నారు. అసలు గొడవంతా ఎవరి సైన్యం ఎంత, కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ప్రాంతాలను ఎవరు పాలించాలి అన్నవాటి మీద. అక్కడికొచ్చేసరికి ప్రభుత్వం ఇలా అంది, కమ్యూనిస్టు పార్టీ అలా అంది అని రాసి ఊరుకున్నారు. ఆ సంతకాల వేళకే షాంగ్‌దాంగ్‌లో ఇరు సేనలూ కొట్టుకుంటున్నాయి. అమెరికా పంపిన జనరల్ మార్షల్ 1947 జనవరి దాకా రాజీకి పాటుపడి చేతులెత్తేశాడు. 1949 ఏప్రిల్‌లో నాన్‌జింగ్‌లోని కువోమింటాంగ్ ప్రభుత్వం చివరి ప్రయత్నంగా జాంగ్ జిజాంగ్ నాయకత్వంలో ఒక బృందాన్ని బీజింగ్ పంపింది. రాయబారం విఫలమైంది, రాయబారులు మాత్రం అక్కడే ఉండిపోయారు. ఆ బృందమే అటు చేరిపోయాక నాన్‌జింగ్ చేతిలో బేరమాడ్డానికి ఇక మిగిలిందేమిటి?

ఆ తర్వాతి ముప్ఫై ఏళ్లలో మాటలు లేవు, ఒక విచిత్రమైన అలవాటు ఉంది. షియామెన్ తీరానికి కూతవేటు దూరంలో తైవాన్ అధీనంలో ఉన్న కిన్మెన్ దీవి మీద 1958 ఆగస్టు 23న చైనా ఫిరంగులు విరుచుకుపడ్డాయి. ఆ ఏడాది చివరికి అవి బేసి తేదీల్లో మాత్రమే పేలడం మొదలైంది. సరి తేదీల్లో దీవి జనం సరుకులు దించుకోవచ్చు, పొలం పనులు చూసుకోవచ్చు. పోనుపోను ఫిరంగి గుండ్లలో మందుగుండు తగ్గి కరపత్రాలు మిగిలాయి. ఏ బల్ల దగ్గరా సంతకం కాని ఈ ఏర్పాటు 1979 జనవరి 1 దాకా నడిచింది. అదే రోజున బీజింగ్ 'తైవాన్ స్వజనులకు సందేశం' వెలువరించి రాకపోకలు, తపాలా, వర్తకం మొదలుపెడదామంది. చియాంగ్ కొడుకు చియాంగ్ చింగ్-కువో మూడు కాదులతో బదులిచ్చాడు: సంపర్కం లేదు, చర్చ లేదు, రాజీ లేదు.

ఆ 'చర్చ లేదు'కి మొదటి గండి కొట్టింది ఒక పైలట్. 1986 మే 3న తైవాన్‌కు చెందిన చైనా ఎయిర్‌లైన్స్ సరుకు విమానాన్ని దాని కెప్టెనే దారి మళ్లించి గ్వాంగ్‌జౌలో దింపాడు. మిగతా ఇద్దరు సిబ్బందినీ, విమానాన్నీ ఎలా తెచ్చుకోవాలి? హాంకాంగ్‌లో నాలుగు రోజులు మాట్లాడుకున్నారు. మాట్లాడింది ప్రభుత్వాలు కాదు, రెండు విమాన సంస్థలు మాత్రమేనని తైపే చెప్పుకుంది. ఆ ముసుగు పనికొస్తుందని తేలాక వదల్లేదు. 1990లో, చైనా నుంచి దొంగచాటుగా వచ్చినవాళ్లను తిప్పి పంపే క్రమంలో, చేపల పడవ అరలో బంధించిన 25 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ దారుణం తర్వాత సెప్టెంబరులో కిన్మెన్‌లో ఒప్పందం రాసుకున్నవి రెండు రెడ్‌క్రాస్ సంఘాలు. ఆపైన ఇరుపక్షాలూ 'ప్రభుత్వం కాని' సంస్థలు పెట్టుకున్నాయి. 1993 ఏప్రిల్‌లో సింగపూర్‌లో వాటి పెద్దలు కు చెన్-ఫు, వాంగ్ దావోహాన్ నాలుగు పత్రాల మీద సంతకాలు చేశారు. నోటరీ ముద్ర చెల్లింది, ఉత్తరం పోతే విచారణకు దారి దొరికింది.

ఇలా తప్పించుకు తిరగడం అసలు సమస్యను వాయిదా వేయడమేనన్న అభ్యంతరం ఉంది. అందులో బలముంది. 1992 నాటి అస్పష్టతకు 'ఏకాభిప్రాయం' అని పేరు పెట్టింది ఎనిమిదేళ్ల తర్వాత, 2000లో, తైవాన్ అధికారి సూ చి. అప్పటి అధ్యక్షుడు లీ తెంగ్-హుయి అలాంటి ఏకాభిప్రాయమే లేదు పొమ్మన్నాడు. పేరు లేనన్నాళ్లూ పనిచేసిన మాట, పేరు పడగానే షరతయింది. ఒప్పుకుంటేనే మాట్లాడతామని బీజింగ్, దేన్ని ఒప్పుకోవాలని తైపే. అయితే ఇది నా వాదనను కొట్టేయదు. చెడగొట్టింది అస్పష్టత కాదు, దాన్ని చరిత్ర మీద ప్రమాణంగా మార్చడం.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే పదునైనది. అసలు ఈ ఉమ్మడి చరిత్ర ఎవరిది? 1895 నుంచి 1945 దాకా తైవాన్ జపాన్ వలస. వాంపోవాలో, చోంగ్‌చింగ్‌లో ఆ దీవి సామాన్యుడికి పాత్ర లేదు. అతనికి కువోమింటాంగ్‌తో తొలినాటి జ్ఞాపకం 1947 ఫిబ్రవరి 28 తర్వాతి కాల్పులు. కాబట్టి పంచుకున్న గతం రెండు పార్టీలది, రెండు సమాజాలది కాదు. 2005లో కువోమింటాంగ్ అధినేత లియెన్ చాన్ బీజింగ్ వెళ్లి హూ జింతావోతో చేయి కలిపితే, అరవై ఏళ్ల తర్వాత రెండు పార్టీల అధినేతల కలయిక అని పత్రికలు రాశాయి. ఆ రోజున తైవాన్‌ను పాలిస్తున్న పార్టీ వేరే. విచిత్రమేమిటంటే, చైనాకు కంటగింపైన ఆ చెన్ షుయి-బియన్ ప్రభుత్వ హయాంలోనే 2001లో కిన్మెన్, షియామెన్ మధ్య పడవలు తిరిగాయి, 2005 చైనీస్ కొత్త సంవత్సరానికి మకావులో విమానయాన సంఘాలు మాట్లాడుకుని ఇరువైపులా విమానాలు నడిపాయి.

మా యింగ్-జియు 2008లో తైవాన్ అధ్యక్షుడిగా వచ్చాక ఒప్పందాలు వరదలా వచ్చాయి. 2010 జూన్‌లో ఆర్థిక సహకార ఒప్పందానికి ఎంచుకున్న ఊరు చోంగ్‌చింగే. ఆ ఎంపిక యాదృచ్ఛికమని నమ్మడం నాకు కష్టం. ఊరు పాతదైనా కాగితం మీద ఉన్నవి సుంకాలు, సరుకుల జాబితాలు, అందుకే నిలిచింది. 2013లో సేవల వర్తక ఒప్పందం దగ్గరికొచ్చేసరికి, తమకు చెప్పకుండా ఏం రాసుకున్నారని 2014 మార్చిలో విద్యార్థులు తైపే శాసనసభలో బైఠాయించారు. చాటుమాటు బేరం ప్రభుత్వాలకు కలిసొచ్చినంతగా ప్రజాస్వామ్యానికి రుచించదు. నా వాదనకు ఉన్న హద్దు ఇక్కడే కనిపిస్తుంది. 2015 నవంబరు 7న సింగపూర్‌లో మా యింగ్-జియు, చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కలిశారు. అధ్యక్షా అన్న పిలుపు లేదు, ఒకరికొకరు 'మిస్టర్'. రాత్రి భోజనం బిల్లు చెరిసగం పంచుకున్నారు. మా యింగ్-జియు తీసుకెళ్లిన సీసాలో ఉన్నది కిన్మెన్ జొన్న సారా. నిమిషం దాటిన కరచాలనం తప్ప సంతకమైన కాగితం ఒక్కటీ లేదు.

2016లో తైవాన్‌లో ప్రభుత్వం మారగానే బీజింగ్ అధికారిక సంప్రదింపులు ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో కిన్మెన్ దగ్గర తైవాన్ తీరరక్షకులు తరుముతుండగా చైనా పడవ ఒకటి బోల్తాపడి ఇద్దరు చనిపోయారు. మాట్లాడుకునే అధికారిక దారులన్నీ మూసుకున్న కాలమది. అయినా ఇరువైపుల మనుషులూ కిన్మెన్‌లోనే ఒక గదిలో కూర్చున్నారు. మార్చిలో చర్చలు తెగాయి, నెలల తర్వాత మళ్లీ కూర్చున్నారు. జులై చివర్లో మృతదేహాలు, పడవ షియామెన్ వైపు బయల్దేరాయి.