గడప దాకా వచ్చిన బాట

డుంబ్రిగుడ మండలంలో ఒక ఇంటికి బాట వేస్తుంటే ఆగి చూశాను. పెద్ద రోడ్డు నుంచి గడప దాకా నలభై గజాలుంటుందేమో. కొడుకు ఆటో కొన్నాడు, అది ఇంటి ముందుకు రావాలి. మేస్త్రి దారం కట్టి, సున్నంతో గీతలు గీశాడు. ఇంటి పెద్దాయన ఆ గీతల వంకే చూడలేదు. వాలు పైకి పది అడుగులు ఎక్కి నిలబడి, “సావణంలో ఇటునుంచి దిగిన నీరు ఎటెల్తాది మేస్త్రీ?” అని అడిగాడు. మేస్త్రి ఒక్క నిమిషం పైకి చూశాడు. దారం విప్పి మళ్లీ కట్టాడు.

అరకులోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ ఎర్రమట్టి అలికిన అరుగు పాతది, గడప పాతది. గడప ముందు బండి ఆగే బాట మాత్రం నిన్నమొన్నటిది. దారి అనేది ఈ కొండల మీదికి ఎవరెవరి అవసరాలకో ఎక్కింది. ఉప్పు కోసం, పోలీసు కోసం, ఇనుప ఖనిజం కోసం ఎక్కి, వాళ్లందరి పనీ అయ్యాక చివరికి ఇంటివాడి గుమ్మం చేరింది. ఆ వరసలోనే చెబుతాను.

మొదట ఉన్నది కాలిబాట. మనిషి పాదానికి జానెడు వెడల్పు చాలు. ఎంత నిటారుగా ఉన్నా కొండమనిషి ఎక్కేస్తాడు. ఆ దారుల్లోనే బంజారాలు ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని తీరం నుంచి జయపురం, బస్తరు వైపు ఎక్కేవారు, దిగేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. బరువు మోసే ఎద్దుకు చక్రం అవసరం లేదు. అందుకే శతాబ్దాల తరబడి కొండకు రోడ్డు లేకపోయినా వ్యాపారం నడిచింది.

మైదానంలో సంగతి వేరు. అక్కడ బండి ముందే వచ్చింది. బండి చక్రాలు నలిపిన మట్టిని వాన కడుక్కుపోతుంది, మళ్లీ చక్రాలు నలుపుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ దారి పొలం మట్టం కంటే కిందికి దిగిపోతుంది. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, ఇంకొన్ని చోట్ల డొంక అంటారు. ఎండాకాలం దారి, వానాకాలం కాలువ. పుంతలో మోకాలి లోతు బురదలో బడికి నడిచినవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. చుట్టూ ఉన్న నేల కంటే పల్లంలో ఉన్న దారి నీళ్లదే అవుతుంది.

ఈ తప్పును సరిచేసి పేరు తెచ్చుకున్నవాడు స్కాట్లండ్‌లో 1756లో పుట్టిన జాన్ లూడన్ మెకాడమ్. 1816లో బ్రిస్టల్ రోడ్ల సర్వేయరయ్యాడు. అప్పటిదాకా గట్టి రోడ్డంటే కింద బండలు పరచాలన్న నమ్మకం ఉండేది. అతని సమకాలికుడు థామస్ టెల్ఫర్డ్ అలాగే పెద్దరాళ్ల పునాది వేసేవాడు. మెకాడమ్ చెప్పింది వేరే. బరువు మోసేది రాయి కాదు, దాని కింది నేల. ఆ నేల పొడిగా ఉన్నంతకాలం ఎంత బరువైనా మోస్తుంది, తడిస్తే ఏ రాయీ దాన్ని కాపాడలేదు. కాబట్టి దారిని చుట్టుపక్కల నేల కంటే ఎత్తులో ఉంచాలి. నడుమ ఉబ్బెత్తుగా, అంచులు పల్లంగా చేయాలి. పక్కన కాలువలు తీయాలి. పైన పరిచేది కొట్టిన చిన్న కంకర. ఒక్కో రాయి ఆరు ఔన్సులు, అంటే దాదాపు 170 గ్రాములు మించకూడదన్నాడు. కోణాలున్న ముక్కలు చక్రాల కింద ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పైకప్పులా బిగుసుకుంటాయని అతని లెక్క. మన ఇంజనీర్లు నేటికీ అనే డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడమ్) రోడ్డులో ఆ ‘ఎం’ అతని పేరే. మెటల్ రోడ్డు అన్నప్పుడు మెటల్ కూడా లోహం కాదు, కొట్టిన కంకరే. లాటిన్‌లో గని అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది.

నాకు మెకాడమ్ కంటే మన సవరలు తక్కువగా కనిపించరు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కొండల్లో సవరలు వాలును మెట్లు మెట్లుగా కోసి వరి పండిస్తారు. ప్రతి మెట్టుకూ ముందు రాతికట్టు ఉంటుంది. అందులో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, కొంచెం వెనక్కి ఒరిగేలా పేర్చిందే. సందుల్లోంచి నీరు కారిపోతుంది, మట్టి నిలబడుతుంది. అదే గోడను సిమెంటుతో బిగించి నీటికి రంధ్రాలు వదలకపోతే, వెనక నీరు నిండి, బరువుకు గోడ పొట్ట ముందుకు తోసుకొచ్చి ఒకనాడు పడిపోతుంది. ఘాట్ రోడ్ల పక్కన పడిన గోడలెన్నో చూశాను. సవర కట్టు కింద నిలబడి వానలో చూస్తే రాళ్ల మధ్య నుంచి సన్నటి ధారలు వస్తుంటాయి. అది లోపం కాదు, ఆ గోడ ప్రాణమే అది.

ఇక రోడ్డు కొండెక్కిన కథ. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు చేతిలో పెట్టారు. ‘ఏజెన్సీ’ అన్న మాట మన నోళ్లలో పడింది అప్పుడే. 1863లో జయపురం సంస్థానంలోకి బ్రిటిషు అధికారులు అడుగుపెట్టాక, బండ్లు ఎక్కగల ఘాట్ల అవసరం పెరిగింది. బండి ఎద్దులు లాగగలిగేది దాదాపు ఇరవైకి ఒకటి వాలును. ఇరవై అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కాలి, అంతే. భారత రోడ్ల కాంగ్రెస్ కొండదారులకు ఇప్పటికీ పెట్టుకున్న మామూలు హద్దు కూడా అదే, నూటికి ఐదు. అంటే నేటి బస్సు కూడా ఎద్దు కొలతకే ఎక్కుతోంది. ఆ వాలు దొరకాలంటే కొండను చుట్టి చుట్టి వెళ్లాలి. అలా చుట్టే రోడ్డు కొండ మీంచి దిగే ప్రతి పిల్లకాలువకూ అడ్డం పడుతుంది. ప్రతి అడ్డం దగ్గరా ఒక తూమో, కల్వర్టో, చప్టానో కట్టాలి. ఘాట్ రోడ్డు ఖర్చులో కొంత భాగం ఇలా నీటికే పోతుంది.

ఆ ఖర్చును కొండవాళ్ల వెన్ను మీద వేశారు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును కట్టడి చేసింది. తిండి తగ్గిన మనిషిని రోడ్డు పనికి లాగడం తేలికైంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పనిలో గిరిజనుల చేత గొడ్డుచాకిరీ చేయించి, కూలి సరిగా ఇవ్వకపోవడం 1922 తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ముఖ్యమైనది. ఆ తిరుగుబాటులో చేరిన గాం గంటందొర, మల్లుదొర వంటివారి కడుపుమంట వెనక ఆ రోడ్డు ఉంది. అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. పోలీసు బలగం నడిచింది తెలిసిన దారిలో. పైన పొంచి ఉన్నవాళ్లకు ప్రతి బండా తెలుసు. ఈ చరిత్రను మనం తుపాకుల వైపు నుంచే ఎక్కువ చెప్పుకుంటాం. గునపం, తట్ట వైపు నుంచి చెప్పుకోవలసింది ఇంకా చాలా ఉంది. ఆ దారిలోనే లంబసింగి ఘాట్ ఎక్కుతూ పొగమంచు ఫొటోలు తీసుకునే మనం, ఆ మలుపులు ఎవరి చెమటతో తిరిగాయో ఒక్కసారి తలచుకోవాలి.

రోడ్డు పనిలో ఇక్కడి రాయి గురించి చెప్పకపోతే కథ సగమే. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయికి 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖొండలైట్ అని పేరు పెట్టాడు. ఈ కొండల్లో ఉండే కోదుల పేరే అది. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ జాతి రాయితోనే. ఆ శిల్పాలు అరిగిపోవడానికీ కారణం ఇదే. వానకు, గాలికి ఖొండలైట్ మెత్తబడి ఎర్రమట్టిగా రాలుతుంది. లక్షల ఏళ్లు అలా నాని, కడిగి, మిగిలిందే గాలికొండ, రక్తకొండ వంటి శిఖరాల మీది బాక్సైట్. ఇంటి ముందు బాటకు చేతికందిన రాయి కొట్టి పరిస్తే, రెండు వానాకాలాలకే అది చేతిలో పొడి కావడం ఇక్కడ మామూలు. అదే కొండల్లో చార్నొకైట్ అనే నల్లరాయీ ఉంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి హాలండ్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. సుత్తితో కొడితే ఖంగుమంటుంది. బాట వేయించుకుంటున్న పెద్దాయన ఇంట్లో ఎవరికీ ఈ పేర్లు తెలియవు. రెండు రాళ్లు తెచ్చి ఒకదానితో ఒకటి కొట్టి విని, ‘డబ్’మన్నదాన్ని పక్కకు విసిరేశారు.

ఇక ఇనుప ఖనిజం వంతు. 1960ల్లో బైలడిల్లా ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాను పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలు. కట్ట జారడం, బండలు పడటం, రైళ్లు ఆగడం ఆ లైనుకు ప్రతి వానాకాలపు కథ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కొండ చరియలు ఎంత తేలిగ్గా కదులుతాయో లోయంతా చూసింది. రైలు వచ్చి అర్ధశతాబ్దం దాటినా పట్టాలకు ఆవల గూడేలకు కాలిబాటే. నిండు చూలాలిని కర్రకు కట్టిన డోలీలో గెడ్డలు దాటించి ఆసుపత్రికి మోసుకెళ్లిన వార్తలు మనం ఇప్పటికీ చదువుతున్నాం. ఇది చదివి ఊరుకునే వార్త కాదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది ఉన్న ఊళ్లకు, కొండల్లో 250 మంది ఉన్న ఊళ్లకు రోడ్డు ఇస్తానంది. ఇక్కడ గూడెం అంటే చాలాచోట్ల పదీ ఇరవై ఇళ్లు. ఆ లెక్కలో అవి పడలేదు. ఆదిమ తెగల ఆవాసాల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్, 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలోనే మొదలైన అడవితల్లి బాట ఆ చిన్న గూడేల కోసమే.

నీటిలాగే చలి కూడా బాటను పాడుచేస్తుందా అన్న మాటకు వస్తాను. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. బయట పడుకుంటే కొర్రులా బిగుసుకుపోతారట. డిసెంబరు, జనవరుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. అయినా నేల లోపల గడ్డకట్టదు కాబట్టి ఇక్కడి బాటకు చలి శత్రువు కాదు. అమెరికాలో మిన్నసోటాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను అడగండి. అక్కడ పునాది మూడున్నర నుంచి ఐదడుగుల లోతు దిగాలని నిబంధన. నేల అంత లోతుకు గడ్డకడుతుంది. మార్చి నెల వచ్చేసరికి డ్రైవ్‌వే ఉబ్బి పగులుతుంది. నీరు గడ్డకడితే పెరుగుతుంది కాబట్టి అలా జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. సౌత్ కరోలినాలో స్టీఫెన్ టేబర్ 1929, 30ల్లో చేసిన ప్రయోగాలు అది కారణం కాదని చూపాయి. గడ్డకడితే పెరగకపోగా కుంచించుకుపోయే బెంజీన్‌తో మట్టిని తడిపి గడ్డకట్టించాడు. అయినా మట్టి ఉబ్బింది! గడ్డకట్టే పొర కింది నుంచి తడిని పీల్చుకుని, పలకలు పలకలుగా మందం పెరుగుతూ పైనున్నదాన్ని ఎత్తేస్తుంది. అందుకని అక్కడి మేస్త్రీలు కూడా చేసేది ఒకటే. సన్నని మట్టి తీసేసి, నీరు నిలవని ముతక కంకర లోతుగా నింపి, వాలు పెట్టి బయటికి పంపడం. అరకులో ఆషాఢం చేసే పనిని అక్కడ ఫిబ్రవరి చేస్తుంది, అంతే తేడా.

ఆటో ఇంటి పని నాలుగు రోజులు జరిగింది. నేను రెండు రోజులు చూశాను. ముందు బాట జోలికే పోలేదు. దానికి పైన మూడడుగుల దూరంలో వాలుకు అడ్డంగా కాలువ తవ్వారు. అడుగున, పక్కల రాళ్లు సిమెంటు లేకుండా పేర్చారు. అప్పుడు బాట తవ్వకం. వేళ్లు, కుళ్లిన ఆకులున్న పైమట్టి జానెడు తీసేశారు. అది మెత్తగా ఉన్నంతకాలం పైన ఏం పోసినా కూరుకుపోతుంది. అడుగున పెద్దరాళ్లు నిలువుగా, వెడల్పు వైపు కిందికి. సందుల్లో 40 ఎంఎం కంకర కూరారు. పైన చిన్న కంకర, గ్రావెల్. ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టారు. రోలరు ఆ వాలు ఎక్కదు. అడ్డంగా గజానికి అంగుళం వాలు పెట్టారు. నిటారుగా ఉన్న చివరి పది గజాలకు మాత్రం చక్రాలు నడిచేచోట రెండు సిమెంటు పట్టీలు పోసి, ఆరకముందే చీపురుతో అడ్డగీతలు గీశారు. నడుమ గడ్డి వదిలేశారు. మా విశాఖ ఇంటికి ఇలా చేయలేదు. వాకిలంతా ఒకే పలకగా సిమెంటు పోశారు, మేమూ మురిసిపోయాం. రెండో వానాకాలానికి కాలు తడితే లోపల బోలుగా మోగింది. అంచు నుంచి దూరిన నీరు కింది ఇసుకను మోసుకుపోయింది.

బాట కింద నుంచి పై కాలువ నీటిని దాటించడానికి తూము వేశారు. పెద్దాయన అప్పుడు మళ్లీ లేచాడు. తూము నోటి దగ్గర నీరు ఎత్తు నుంచి పడితే గొయ్యి చేస్తుంది, ఆ గొయ్యి వెనక్కి తినుకుంటూ వచ్చి బాటను కింద నుంచి కూలుస్తుంది. “ఇక్కడ పెద్ద బండెయ్యి బాబూ, నీరు దాని మీద పడి అలిసిపోవాల” అన్నాడు. ఇద్దరు కలిసి నల్లబండ దొర్లించుకొచ్చారు. అక్కడి నుంచి చిన్న కాలువ పసుపు మడిలోకి.

తొలకరి తరవాత అటు వెళ్తూ మళ్లీ ఆగాను. ఆటో అరుగు పక్కనే ఉంది. పక్కింటి వాళ్ల డోలీ కర్ర చూరులో చెక్కి ఉంది, ఇంకా తీసేయలేదు. పైన గూడేనికి బాట లేదు మరి. జల్లు అప్పుడే వెలిసింది. పెద్దాయన గొడుగు చంకలో పెట్టుకుని, కాలువ నోట్లో అడ్డుపడ్డ ఎండాకులను కాలితో పక్కకు నెడుతున్నాడు.