ఆ అంకెలు ఎవరి వేళ్ళవి?

ప్రాచీన కావ్యాలకు పాఠాంతరాలుంటాయని మనకు తెలుసు. ఒక తాళపత్ర ప్రతిలో ఒక మాట, మరొకదానిలో మరొకటి. పరిష్కర్త తనకు తోచినదాన్ని పైన నిలిపి, తక్కినవాటిని పుట అడుగున చేరుస్తాడు. పియానో స్వరాల నెత్తిన కూర్చునే చిన్న చిన్న అంకెలకు కూడా అటువంటి చరిత్రే ఉందని నాకు చాలాకాలం తెలియదు.

నలభై దాటాక పియానో ముందు కూర్చున్నవాణ్ణి. బొటనవేలికి 1, చూపుడువేలికి 2, అలా చిటికెనవేలికి 5. ఏ మెట్టును ఏ వేలితో నొక్కాలో ఆ అంకె చెబుతుంది. నా గురువుగారు తాను వాడిన షోపాన్ ఎట్యూడ్‌ల పుస్తకాన్ని నాకిచ్చారు. అందులో అచ్చు అంకెల పక్కన ఆవిడ పెన్సిలు అంకెలు ఉండేవి. అచ్చయినవి షోపాన్‌వి, పెన్సిలువి ఆవిడ సొంత సవరణలు అనుకున్నాను. మూలానికి విధేయుణ్ణి కావాలన్న ఉత్సాహంతో కొన్ని పుటల్లో ఆ పెన్సిలు రాతలను రబ్బరుతో తుడిచేశాను కూడా!

ఎట్యూడ్ అంటే అభ్యాసగీతం. లిస్ట్‌కు అంకితమైన ఓపస్ 10 సంపుటి, పన్నెండు ఎట్యూడ్‌లు, 1833లో ప్యారిస్, లైప్‌జిగ్, లండన్ నగరాల్లో ముగ్గురు వేర్వేరు ప్రకాశకుల ద్వారా వెలువడింది. అంటే పుట్టుకతోనే మూడు ప్రతులు. మరుసటి ఏడు బెర్లిన్ విమర్శకుడు రెల్‌స్టాబ్, వంకర వేళ్ళున్నవారికి ఇవి మందు కావచ్చు గాని తక్కినవారు శస్త్రవైద్యుణ్ణి దగ్గర పెట్టుకొని వాయించాలని ఎకసెక్కమాడాడు.

ఆ హాస్యానికి కారణం తెలియాలంటే రెండవ ఎట్యూడ్ చూడాలి. కుడిచేతి బొటన, చూపుడు వేళ్ళు కింద పొట్టి స్వరాలు అందుకుంటూ ఉంటే, పైన నల్ల తెల్ల మెట్లన్నింటినీ వరుసగా తాకుతూ పోయే పరుగు బలహీనమైన మూడు వేళ్ళ మీదే పడుతుంది. నడిమివేలు ఉంగరపువేలి మీదుగా, ఉంగరపువేలు చిటికెనవేలి మీదుగా దాటిపోవాలి. బొటనవేలిని కిందుగా దూర్చే పద్ధతి స్థిరపడక ముందరి పాత నడక ఇది. దాన్ని మళ్ళీ బతికిస్తున్నాడు గనుకనే షోపాన్ ఇక్కడ దాదాపు ప్రతి స్వరానికీ అంకె వేశాడు. కింది స్వరాలను ఎడమచేతికి అప్పగించి సులువు చేసుకునేవారున్నారు. చెవికి తేడా అంతగా తెలియకపోవచ్చు, కానీ ఎట్యూడ్ ఉద్దేశం మాత్రం పోతుంది.

షోపాన్ 1849లో పోయాక పరిష్కర్తల కాలం మొదలైంది. శిష్యుడు మికులి 1880 ప్రాంతంలో తెచ్చిన ప్రతికి గురుముఖతః విన్న సాక్ష్యం బలం. ఒకే వేలితో పక్కపక్క మెట్లను జారుతూ వాయించడం షోపాన్‌కు అలవాటని ముందుమాటలో చెప్పినది ఆయనే. కోర్తో 1915లో ఓపస్ 10కు వెలువరించిన ప్రతి మరో దారి పట్టింది: ప్రతి కష్టాన్నీ విడదీసి, దానికి తన సాధనలు జోడించాడు. యాన్ ఎకియెర్ సంపాదకత్వంలో వచ్చిన పోలండ్ జాతీయ ప్రతిలో షోపాన్ అంకెలు నిలువుగా, పెద్దవిగానూ, సంపాదకునివి చిన్నవిగా, వాలుగానూ ఉంటాయి. నాకు కనువిప్పు కలిగించింది ఈ చిన్న అచ్చు మర్యాదే.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని ఓపస్ 25లోని ఆరవ ఎట్యూడ్ చూశాను. జంట స్వరాలతో సాగే ఆ గీతానికి సంపాదకులు వేసిన వేళ్ళ వరుసలను అమెరికన్ విమర్శకుడు హ్యూనెకర్ 1900 నాటికే వరసబెట్టి పోల్చాడు. నా పుస్తకంలో అచ్చయిన అంకెలు ఎవరో పేరులేని పరిష్కర్తవి. గురువుగారి పెన్సిలు రెండు చోట్ల వాటిని కొట్టివేసి షోపాన్ అంకెలనే తిరిగి నిలిపింది! నేను సవరణలనుకున్నవి పునరుద్ధరణలన్నమాట.

అలాగని పెన్సిలు అంకెలన్నీ షోపాన్‌వీ కావు. కొన్ని ఆవిడ చిన్న చేతికి సరిపడేలా వేసుకున్నవి. వాటిని తప్పనడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. అసంపూర్తిగా మిగిలిన తన బోధనాపుస్తకపు చిత్తుప్రతిలో షోపాన్, వేళ్ళన్నింటినీ సమానం చేయబూనడం కంటే ఏ వేలి గుణాన్ని ఆ వేలికి ఉండనివ్వడమే మేలన్న భావం వెలిబుచ్చాడు. శిష్యుల ప్రతులమీద ఆయనా పెన్సిలుతోనే రాసేవాడు. జేన్ స్టిర్లింగ్ వాడుకున్న సంపుటాలు నేటికీ ప్యారిస్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిని ఎవరూ తుడవలేదు.

నేను తుడిచిన చోట్ల కాగితం మీద ఒత్తుడు గీతలు ఇంకా మిగిలాయి. దీపానికి ఏటవాలుగా పట్టుకొని, కనబడినంత మేరకు మళ్ళీ పెన్సిలుతో దిద్దుతున్నాను. ఒకచోట అది 3 అయినా కావచ్చు, 5 అయినా కావచ్చు. అడగడానికి ఆవిడ లేరు. అక్కడ రెండూ రాసి ఉంచాను. పాఠాంతరం కదా!