దొరకలేదని చెప్పుట

దిద్దువాడే తప్పు చేసినచో ఆ తప్పును దిద్దువా రెవరు? ఈ ప్రశ్న అచ్చుపని చూచువారికి క్రొత్తది కాదు. కంప్యూటర్ల చరిత్రలోను ఇది తొలినాళ్లలోనే తల యెత్తినది.

1962వ సంవత్సరమున అమెరికాలోని మాసచూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పి.డి.పి.-1 అను యంత్ర ముండెను. దాని కందించు వ్రాత కాగితపు పట్టీపై రంధ్రముల రూపమున నుండెడిది. ఆ వ్రాతను సరిదిద్దుటకై డాన్ మర్ఫీ 'టెకో' అను ప్రోగ్రామును రచించెను.

టెకోకు ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క ఆజ్ఞ. 'ఎస్' అనిన వెదకుము. 'కె' అనిన పంక్తిని తొలగింపుము. రానురాను ఇట్టి ఆజ్ఞలను మాలగా గ్రుచ్చి, దాచి, పలుమార్లు వాడుకొను పద్ధతి యేర్పడెను. ఆ మాలకే 'మాక్రో' అని పేరు.

చిక్కు ఇచ్చటనే కలదు. వెదకిన పదము దొరకనిచో టెకో తన స్థానమును వ్రాత మొదటికి మార్చుకొనును. తరువాతి ఆజ్ఞ తొలగింపు అయినచో ఏ పాపము నెఱుగని మొదటి పంక్తి పోవును. కావున వెదకుట విఫలమయిన తోడనే యంత్రము తప్పును చాటి, మిగిలిన ఆజ్ఞలను విడిచి నిలిచిపోవును.

అయినను ప్రతి వైఫల్యమును తప్పు కాదు. ఒక పదమును అంతటను మార్చు మాక్రోకు చివరిసారి అది దొరకకుండుటయే పని ముగిసిన గుర్తు. అట్టి చోట, మరల మరల చేయు ఆజ్ఞలలో అర్ధబిందువు నుంచిన, యంత్రము గోల చేయక ఆ వలయమునుండి వెలువడును. మఱియొక ఉపాయము కూడ కలదు. 'ఎస్'కు ముందు రెండు చుక్కల న్యూనబిందువు నుంచినచో యంత్రము ఆగదు. దొరకిన -1, దొరకనిచో 0 అను అంకెను మాత్రము అందించును.

ఆ క్షణమున బాధ్యత చేతులు మారినది. అంకెను పరీక్షింపవలసినవాడు మాక్రో వ్రాసినవాడే. పరీక్షింపనిచో మొదటి పంక్తి మరల పోవును. ఈసారి నిశ్శబ్దముగ పోవును. తప్పును మాటాడనీయకుండుట తప్పును దిద్దుట కాదు.

1976లో అదే సంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలగువారు టెకో మాక్రోలను కూర్చి 'ఈమాక్స్'ను నిర్మించిరి. ఆ పేరు గల నేటి ప్రోగ్రాములోను, మీటల నొక్కులతో కూర్చిన మాక్రో నడుమ తప్పు దొరలిన అచ్చటనే ఆగును.

ప్రసార సమయమున కోరిన రికార్డు కనబడనపుడు, చేతికందినదానిని పెట్టువానికంటె, 'దొరకలేదు' అని చెప్పు సహచరుడే మాకు ఆప్తుడు. యంత్రమునుండియు మనము కోరవలసినది ఆ నిజాయితీనే.