కోనసీమలో పనులు మారాయి, అప్పు దారి మారలేదు

ఒక ప్రాంతం బతుకు ఒక్క వ్యవసాయం మీదే ఆగకుండా పలు వృత్తుల్లోకి విస్తరించడానికీ, బ్యాంకుల ఎదుగుదలకీ వున్న సంబంధం మీద ఆర్థికవేత్తల్లో పాత తగువొకటి వుంది. బ్యాంకు అప్పు ముందొస్తేనే కొత్త పరిశ్రమలు పుడతాయని 1911లో షుంపీటర్ వాదించాడు. పరిశ్రమ ముందు నడిస్తే బ్యాంకు దాని వెనక వస్తుందని 1952లో జోన్ రాబిన్సన్ అంది. కోనసీమ మాల, మాదిగ పేటల నుంచి చూస్తే ఈ తగువులో లేని ప్రశ్న కనిపిస్తుంది: అప్పు ఎవరి పేరున పుడుతుంది?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గౌతమి, వశిష్ఠ పాయల మధ్య నేలకు కాలవ నీళ్లొచ్చాయి. వరి, కొబ్బరి మిగులు తెచ్చాయి. విలువ పెరిగిన భూమే అప్పుకు తాకట్టయింది. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. డెల్టా మిగులు రైసుమిల్లుల్లోకి, కాంట్రాక్టుల్లోకి, సినిమాల్లోకి పోయింది. భూమి వున్న కులాలకు కొత్త వ్యాపారమూ బ్యాంకూ జోడెడ్లలా నడిచాయి.

మరి ఆ పొలాలు ఊడ్చి, కోసి, కుప్ప వేసిన వాళ్లకో? వాళ్లకు అప్పు అంటే పాలేరుతనం. ఆసామి దగ్గర ముందు తెచ్చుకున్న డబ్బుకూ గింజలకూ ఏడాది పొడుగునా చాకిరీ. అప్పు వాళ్లను కొత్త పనిలోకి పంపలేదు, పాత పనికే కట్టేసింది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. బయటపడే దారి చదువూ సర్కారు కొలువూ తప్ప పెట్టుబడి కాదన్నమాట.

1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1974లో ఎస్సీ కార్పొరేషన్ వచ్చింది. వీటిని మేం తక్కువ చేయడం లేదు. బ్యాంకు గడప తొక్కే ధైర్యం వీటివల్లే వచ్చింది. అయితే కార్పొరేషన్ రాయితీ ఇచ్చినా మిగతా సొమ్ముకు బ్యాంకు ఒప్పుకోవాలి. అక్కడ మళ్లీ హామీ గొడవే.

ఈలోగా పేట తన దారి తనే వెతుక్కుంది. కొబ్బరి పీచు, తాపీ పని, ఆటో, అన్నిటికీ మించి గల్ఫ్. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి దళిత స్త్రీలు ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లారు. ఏజెంటు సొమ్ముకు దిక్కు వడ్డీ వ్యాపారే. వాళ్లు పంపిన డబ్బు మాత్రం బ్యాంకులో చేరింది. పని ముందు, బ్యాంకు వెనక. దాచుకునేటప్పుడు ఏమీ అడగని బ్యాంకు అప్పిచ్చేటప్పుడు పట్టా అడుగుతుంది. భూమి కులాన్ని బట్టి పంచబడిన చోట పట్టా అడగడమంటే కులం అడగడమే.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. రైతు కష్టం నిజమే, గిట్టుబాటు ధర న్యాయమే. కానీ నాట్లు లేని ఆ కాలంలో కూలికి నష్టపరిహారం ఊసే లేదు. కౌలుదారు పరిస్థితీ అంతే: 2019 చట్టంలో సాగు హక్కు పత్రానికి కూడా భూయజమాని ఒప్పుకోలు కావాల్సి వచ్చింది.

భూమి లేకుండా అప్పు కుదరదా? డ్వాక్రా సంఘాలు కుదురుతుందని చూపించాయి. సంఘం మాటే అక్కడ హామీ. అదే పద్ధతి చిన్న మొత్తాలు దాటి వ్యాపార పెట్టుబడి దాకా ఎందుకు రాకూడదు?

2022లో ఈ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టారు. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం వచ్చింది కూడా 1923లోనే. ఆ పేరు పెట్టుకున్న జిల్లాలో మన విద్యార్థులు, కార్యకర్తలు పేట పేటకూ తిరిగి రెండు అంకెలు రాసుకు రావాలి: బ్యాంకులో మనం దాచింది ఎంత, బ్యాంకు మనకిచ్చింది ఎంత?